ఫార్మాట్ కొట్టించకు, ప్లాన్ పెంచకు: ముందు ఇవి చూడు

తమ్ముడూ, నువ్వు రాసినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నీకూ తెలుస్తుంది. ఇల్లు దేవరకొండలో. 2017లో కొన్న డెస్క్‌టాప్, ఐ3-7100 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి, క్రోమ్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. నెట్ ఫైబర్‌దే, 100 ఎంబీపీఎస్ ప్లాన్. కింద హాల్లో రౌటర్ పక్కన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 90 వస్తుంది, పైన గదిలో కంప్యూటర్‌లో 6 దాటదు, రాత్రి ఏడు నుంచి పది దాకా అదీ రాదు. చెల్లె ఎంసెట్ మాక్ టెస్ట్ రాస్తుంటే మధ్యలో పేజీ ఆగిపోతుందని ఇంట్లో అందరికీ టెన్షన్. షాపాయన ఫార్మాట్ కొడదామంటాడు, లేదంటే కొత్తది కొనమంటాడు. నెట్ ఆయన 200 ప్లాన్ వేసుకోమంటాడు.

మూడింట్లో ఏదీ ఇప్పుడే వద్దు.

నల్లగొండలో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే చాలామంది "నెట్ స్లో" అనే అంటారు, తీరా చూస్తే కంప్యూటరే స్లో. ఇంకొందరు కంప్యూటర్ పాడైందని మోసుకొస్తారు, లోపం ఇంట్లో వైఫైలో ఉంటుంది. నీకు రెండూ ఒకేసారి ఉన్నాయి, అందుకే ఒకదాని తప్పు ఇంకోదాని మీద పడుతోంది. విడదీసి చూస్తే తప్ప తేలదు.

నెట్ పూర్తిగా ఆపేసి ఒకసారి కంప్యూటర్ వాడి చూడు. వైఫై డాంగిల్ (కంప్యూటర్‌కి వైఫై అందించే చిన్న యూఎస్‌బీ ముక్క) పీకేసి, రీస్టార్ట్ చేసి, ఒక వర్డ్ ఫైలో పాత ఫొటోల ఫోల్డరో తెరువు. అప్పుడూ నత్తనడకే అయితే ఆ రోగం మిషన్‌ది. తర్వాత నీ ఫోన్ పైకి తీసుకెళ్లి, కంప్యూటర్ టేబుల్ మీదే పెట్టి స్పీడ్ టెస్ట్ కొట్టు. ఫోన్‌లో 50, 60 వచ్చి కంప్యూటర్‌లో 6 వస్తే లోపం డాంగిల్‌ది. ఫోన్‌లో కూడా 6, 8 దగ్గరే ఆగితే వైఫై పైదాకా చేరడం లేదు. హాల్లో 90 వస్తోంది అంటున్నావు కాబట్టి స్తంభం నుంచి ఇంటిదాకా వచ్చే లైను పగటిపూట బాగానే ఉంది. 200 ప్లాన్ వేసుకుంటే హాల్లో 180 వస్తుంది, పైన మళ్లీ అదే 6.

ముందు మిషన్ సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఆన్ చేసిన వెంటనే చూడకు, పది నిమిషాలు ఆగి చూడు. సీపీయూ, మెమరీ, డిస్క్ అని పైన వరసగా శాతాలు ఉంటాయి. నీ మిషన్‌లో డిస్క్ 100 దగ్గర కూర్చుని ఉంటుందని పందెం కాస్తాను. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి డిస్క్ మీద నొక్కు. అక్కడ యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అని మిల్లీసెకన్లలో ఒక అంకె ఉంటుంది. బాగున్న హార్డ్ డిస్క్‌కి అది పది, ఇరవై మధ్య ఆడుతుంది. వందల్లో, వేలల్లో ఉండి, పక్కన రీడ్ స్పీడ్ ఒకటి రెండు ఎంబీ కూడా దాటడం లేదంటే డిస్క్ పని చేయడం కాదు, వెతుక్కోవడంలోనే సరిపోతోందన్నమాట.

కారణం కష్టమేమీ కాదు. హార్డ్ డిస్క్ లోపల గుండ్రటి పళ్లేలు తిరుగుతుంటాయి, వాటి మీద ఒక సన్నటి చెయ్యి అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగడానికి పది మిల్లీసెకన్లు పడుతుందనుకో, సెకనుకు వంద చోట్లకు మించి వెళ్లలేదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు. పైగా అప్‌డేట్లు, యాంటీవైరస్ స్కానింగ్, సెర్చ్ ఇండెక్సింగ్ అన్నీ అదే సమయానికి మొదలవుతాయి. ఎస్ఎస్‌డీ అంటే చిప్‌లతో చేసిన డిస్క్, అందులో కదిలే భాగమే ఉండదు, అడిగిన ముక్కను ఒక మిల్లీసెకను లోపే ఇస్తుంది. పాత మిషన్‌కి ఎస్ఎస్‌డీ పెట్టగానే కొత్తదానిలా అనిపించేది అందుకే. ప్రాసెసర్ అంతకుముందు కూడా ఖాళీగానే కూర్చుంది, డిస్క్ కోసం ఎదురుచూస్తూ.

4 జీబీ ర్యామ్ సంగతి కూడా ఇందులోనే కలిసి ఉంది. విండోస్ 10 తానే 2 జీబీ దాకా తీసుకుంటుంది. క్రోమ్‌లో ఐదారు ట్యాబ్‌లు తెరిస్తే మిగిలింది అయిపోతుంది. మెమరీ 85 శాతం దాటిందంటే విండోస్ పట్టనిదాన్ని తీసుకెళ్లి డిస్క్ మీద రాయడం మొదలుపెడుతుంది, అదీ ఆ నెమ్మది డిస్క్ మీదే. అందుకే ర్యామ్ కొరత కూడా పైకి డిస్క్ 100 గానే కనిపిస్తుంది. అదే పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే స్లాట్లు ఎన్ని, ఎన్నింట్లో ర్యామ్ ఉంది అని చూపిస్తుంది. రెండింట్లో ఒకటి ఖాళీగా ఉంటే పాతది తీయకుండానే ఇంకో 4 జీబీ పెట్టుకోవచ్చు. నీ ప్రాసెసర్‌కి ఎక్కువగా డీడీఆర్4 రకం ర్యామ్ ఉంటుంది గానీ, ఆ కాలం బోర్డులు కొన్ని డీడీఆర్3తో కూడా వచ్చాయి. స్టిక్కు మీద ఏముందో చూసి కొను, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి కూర్చోదు.

ఇవన్నీ కొనేముందు డిస్క్ ఆరోగ్యం చూడాలి, ఇది మాత్రం ఈరోజే చెయ్యి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెరవగానే పైన గుడ్ అని నీలంగానో, కాషన్ అని పసుపుగానో, బ్యాడ్ అని ఎర్రగానో చూపిస్తుంది. కింద వరసల్లో 05, సీ5 అని రెండు ఉంటాయి. 05 అంటే పాడై పక్కన పెట్టేసిన సెక్టర్లు, సీ5 అంటే చదవలేక తంటాలు పడుతున్నవి. ఆ రెండు వరసల చివర అన్నీ సున్నాలుంటే ఊపిరి పీల్చుకో. సీ5లో ఏదైనా అంకె ఉంటే మిగతా పనులన్నీ ఆపి ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు, భూమి కాగితాల స్కాన్లు ఇంకో డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో తీసుకో. ఆ స్థితిలో ఉన్న డిస్క్‌ని ఫార్మాట్ కొడితే డేటా పోతుంది, డిస్క్ మాత్రం బాగుపడదు.

ఇక మంచి డిస్క్‌కి ఫార్మాట్ కొడితే? నెల రోజులు బాగుంటుంది. స్టార్టప్‌లో పేరుకున్న చెత్త పోతుంది కదా. ఆ తర్వాత అప్‌డేట్లు, క్రోమ్, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అన్నీ మళ్లీ ఎక్కుతాయి, నువ్వు మళ్లీ షాపుకి వెళ్తావు. ఫార్మాట్‌తో పాటు క్రాక్ చేసిన విండోస్ ఎక్కించి పంపేవాళ్లూ ఉన్నారు. ఆ దొంగ విండోస్‌ని నడిపించే యాక్టివేటర్ అనే ప్రోగ్రామ్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపేయాలని అంటారు చూడు, అక్కడే అనుమానపడాలి. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే మిషన్‌లో అలాంటివి ఉంచుకోకూడదు.

ఎస్ఎస్‌డీ విషయంలో నీకు కావలసింది రెండున్నర అంగుళాల సాటా రకం, అంటే పాత హార్డ్ డిస్క్‌లాగే కేబుల్‌తో తగిలించేది. నీ తరం చౌక బోర్డుల్లో చాలావాటికి ఎం.2 స్లాట్ (బోర్డు మీదే నేరుగా గుచ్చే రకం ఎస్ఎస్‌డీకి) ఉండదు, సాటా మాత్రం ఖాయంగా ఉంటుంది. విండోస్‌కి, రోజువారీ పనికి 240 లేదా 256 జీబీ చాలు, ఫొటోలు, సినిమాలు పాత డిస్క్‌లోనే ఉంటాయి. పేరున్న కంపెనీది, వారంటీ ఉన్న బిల్లుతో తీసుకో. పేరు ఎప్పుడూ వినని, అందరికంటే సగం ధరకు దొరికేదాన్ని నేనైతే ముట్టుకోను. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఎస్ఎస్‌డీలవీ ఎక్కాయి. అందుకే రెండూ ఒకేసారి కొనలేకపోతే ముందు ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్. సికింద్రాబాద్ వెళ్లే పని ఉంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే సీటీసీలో, పాత ఆఫీసు మిషన్ల నుంచి తీసిన ర్యామ్ దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొనడానికి నేను భయపడను, అది అరిగేది కాదు. సెకండ్ హ్యాండ్ ఎస్ఎస్‌డీ మాత్రం వద్దు, అది రాసేకొద్దీ అరుగుతుంది.

బిగించేటప్పుడు చాలామంది వదిలేసే ఒక పని చెప్తాను. ఎస్ఎస్‌డీలో విండోస్ ఎక్కించేముందు పాత హార్డ్ డిస్క్ సాటా కేబుల్ పీకేయాలి. రెండూ తగిలించి ఉంచితే విండోస్ తన బూట్ ఫైళ్లను కొన్నిసార్లు పాత డిస్క్‌లోనే రాసుకుంటుంది. అప్పటికి అంతా బాగానే నడుస్తుంది. ఏడాది తర్వాత పాత డిస్క్ చచ్చిపోయిన రోజు కొత్తది కూడా లేవదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాల్ చేసి, షట్‌డౌన్ చేసి, అప్పుడు పాతది తగిలించి, బయాస్‌లో, అంటే విండోస్ లేవకముందే వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లో, ఎస్ఎస్‌డీని మొదటి స్థానంలో పెట్టుకో. కొన్నప్పుడు విండోస్ 10 అసలుదే అయితే, ఒకసారి యాక్టివేట్ అయ్యాక దాని డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ ఎక్కించి నెట్ తగిలించగానే తానే యాక్టివేట్ అవుతుంది. కీ కోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

అది అయ్యేలోపు ఖర్చు లేకుండా చేయగలిగింది, టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో అవసరం లేనివి డిసేబుల్ చేయడం. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసెయ్, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. పీసీ క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్, స్పీడ్ బూస్టర్ పేర్లతో ఏదున్నా తీసెయ్. మీ కంప్యూటర్ స్లో అయింది, మేము సరిచేస్తాం, ఫలానా యాప్ వేసి నంబర్ చెప్పండి అని ఫోన్ వస్తే పెట్టెయ్. ఒకవేళ ఇంట్లో ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

వేడి గురించి కూడా చూసుకో. మన దగ్గర ఏప్రిల్, మేలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గరి ఇళ్ల నుంచి వచ్చే క్యాబినెట్లు తెరిస్తే ఊక దుమ్ము, మసి కలిసి హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల మధ్య అట్టకట్టి ఉంటాయి, గాలి దూరే సందే ఉండదు. నీ ప్రాసెసర్ వేగం 3.9 గిగాహెర్ట్జ్. ఏదైనా బరువైన పని నడుస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడ్ ఆ దగ్గరలో ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు తగ్గడం మామూలే. పని నడుస్తుండగానే బాగా కిందికి పడిపోతుంటే దుమ్ము ఊదించి, థర్మల్ పేస్ట్ మార్పించు. పవర్ ఆప్షన్స్‌లో పవర్ సేవర్ పెట్టి ఉందేమో కూడా చూడు. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలికి అడ్డగోలుగా తిరిగి బేరింగ్ పోతుంది.

ఇప్పుడు నెట్. నీ డాంగిల్ క్యాబినెట్ వెనక, గోడవైపు గుచ్చి ఉందని రాశావు. అదే సగం జబ్బు. ముందు ఇనుప క్యాబినెట్, వెనక గోడ, కింద ఆర్‌సీసీ స్లాబ్, దాని కింద ఎక్కడో రౌటర్. పైగా నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో పెడితే ఆ పోర్టు పనిచేసేటప్పుడు వెలువడే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పడుతుంది. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి, నల్ల పోర్టులో గుచ్చి, డాంగిల్‌ని టేబుల్ పైకి, మెట్లవైపు కనిపించేలా పెట్టి మళ్లీ టెస్ట్ కొట్టు. తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది.

అయినా అది పాతకాలపు 2.4 డాంగిలే. డబ్బా మీద 150 అని ఉంటుంది, పక్కనే కూర్చున్నా అందులో సగం రాదు. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే చానెళ్లు మూడే: 1, 6, 11. మీ వీధిలో ప్రతి ఇంటికీ ఫైబర్ వచ్చాక రాత్రి ఏడింటికి అందరి రౌటర్లూ ఆ మూడింట్లోనే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ, కానీ స్లాబ్ దాటి పైకి రావడం దానికి కష్టం. హాల్లో నీ ఫోన్‌కి 90 వచ్చేది దానిమీదే అయి ఉంటుంది.

అందుకే నా మాట విని రౌటర్ నుంచి కంప్యూటర్ దాకా కేబుల్ వేయించు. కదలకుండా ఒకేచోట ఉండే కంప్యూటర్‌కి వైఫై ఎందుకు? క్యాట్ 6 కేబుల్, పూర్తి రాగిది. చౌకగా దొరికేవాటిలో అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి ఉంటాయి, తీగ కొసను బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. గోడ బయట నుంచి తీసుకెళ్తే ఎండకు తట్టుకునే అవుట్‌డోర్ రకం తీసుకో, కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చకు. కొసన ఎనిమిది తీగల వరస తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలా ఇదే వరస. బిగించాక ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ చూడు. 1 గిగాబిట్ అంటే ఎనిమిదీ బాగున్నాయి. 100 అని చూపిస్తే ఏదో జత తెగి ఉంది, లేదా నీ రౌటర్ పోర్టే 100ది. నీ ప్లాన్‌కి అదీ పర్వాలేదు. 10 అని వస్తే కనెక్టర్ కోసి మళ్లీ క్రింప్ చేయించాలి. పైన అందరి ఫోన్లకూ వైఫై కావాలంటే ఆ కేబుల్ కొసనే పాత రౌటర్ ఒకటి యాక్సెస్ పాయింట్‌లా పెట్టుకోవచ్చు. ప్లగ్‌లో గుచ్చే రిపీటర్ల మీద డబ్బు పెట్టకు, ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేసే చౌక రకాలు వేగాన్ని సగానికి కోస్తాయి.

ఇంకోటి. డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు 11, 12 కనిపిస్తోందని తిట్టుకునేవాళ్లున్నారు. అది మెగాబైట్లు. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, ఎనిమిదితో భాగించాలి. 100కి 12.5 వస్తుంది, అంటే నీకు రావలసింది వస్తున్నట్టే.

రాత్రి ఏడు నుంచి పది సంగతి కేబుల్ వేశాకే తేలుతుంది. రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరిచి, ఒకదానిలో రౌటర్‌ని, అంటే 192.168.1.1ని, ఇంకోదానిలో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8ని పింగ్ చెయ్యి, అంటే చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడు. రౌటర్ అడ్రస్ వేరే ఉంటే దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. రౌటర్ నుంచి 1 మిల్లీసెకనులో జవాబు వస్తూ, బయటిది మాత్రం 20 నుంచి 300కి ఎగురుతూ మధ్యమధ్యలో టైమ్డ్ అవుట్ అంటుంటే, ఇంట్లో ఫోన్ల వైఫై ఒకసారి ఆపి చూడు. అప్పుడు సర్దుకుంటే ఏదో ఫోన్ ఫొటోలు బ్యాకప్ ఎక్కిస్తోంది, దాన్ని అర్ధరాత్రికి మార్చు. ఆపినా అలాగే ఉంటే తప్పు ఆపరేటర్‌ది: సాయంత్రం అందరూ టీవీలు పెట్టుకునే వేళకు ఆయన తెచ్చుకున్న బ్యాండ్‌విడ్త్ చాలడం లేదు. ఆ తెర ఫొటో తీసి, టైముతో సహా పంపి, కంప్లైంట్ నంబర్ తీసుకో. "స్లో ఉంది" అంటే రౌటర్ ఆపి పెట్టమంటారు. పింగ్ ఫొటో పంపితే మాట మారుతుంది. తేలకపోతే ప్రొవైడర్ల దగ్గర అప్పీలు వినే అథారిటీ ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల్లోనే ఉంది. మాక్ టెస్ట్‌కి నిజానికి రెండు ఎంబీపీఎస్ కూడా ఎక్కువే. పేజీ ఆగేది వేగం చాలక కాదు, ఈ టైమ్డ్ అవుట్‌ల వల్ల.

ఫైబర్ డబ్బా సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ పవర్, ఆర్‌ఎక్స్ అని మైనస్ అంకె ఒకటి ఉంటుంది. మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. బాగున్న రోజు అంకె రాసి పెట్టుకో. మైనస్ 20 ఉన్నది మైనస్ 28కి దిగితే లైను మీద ఎక్కడో వంపు పడింది లేదా కనెక్టర్ పాడైంది. మన ఊళ్లలో దీనికి పెద్ద కారణం కోతులు. స్తంభం నుంచి బంగ్లా మీదికి వచ్చే వైరు పట్టుకుని ఊగుతాయి, పిట్టగోడ అంచున వైరు మడత పడుతుంది. నెట్ మనిషితో ఆ అంచున పైపు ముక్క తొడిగించు. వైరు ఊడిపోతే కొసలోకి కంటితో చూడకు, ఆ కాంతి కనిపించదు గానీ లేజరే. డబ్బా మీద లాస్ (LOS) అని రాసి ఉన్న దగ్గర ఎర్ర లైట్ వెలిగిందంటే కాంతి అసలు రావడం లేదు, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరును అడ్రస్ నంబర్‌గా మార్చి చెప్పే సర్వర్) మార్చితే స్పీడ్ పెరుగుతుందని వీడియోల్లో చెప్తారు. పేజీ తెరుచుకోవడం మొదలయ్యే ఆ క్షణంలో తేడా ఉండొచ్చు, డౌన్‌లోడ్ వేగంలో ఉండదు.

కొత్తది కొనాలా అని అడిగావు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. నీ ఏడో తరం ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు, ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే తీసుకుంటారు. మొండిగా ఎక్కించే దారులున్నాయి, నేను మాత్రం చదువుకునే పిల్ల మిషన్‌లో ఆ పని చేయను. విండోస్ 10 వాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించే ఈఎస్‌యూ అనే పథకం పెట్టారు, మొదట ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైనిన్ అయి, సెట్టింగ్స్ అప్‌డేట్ పేజీలో చేరొచ్చు. ఆ తర్వాత బ్రౌజింగ్‌కి, టైపింగ్‌కి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకుంటే ఇదే మిషన్ ఇంకొన్నేళ్లు నడుస్తుంది. చెల్లె ఇంజనీరింగ్‌లో చేరాక ఎలాగూ ల్యాప్‌టాప్ కావాలి, కాలేజీ వాళ్లు ఏం అడుగుతారో తెలిశాక అప్పుడు కొనండి.

ఈరోజు సాయంత్రం నాకు నాలుగు అంకెలు కావాలి: డిస్క్ రెస్పాన్స్ టైమ్, పది నిమిషాల తర్వాత మెమరీ శాతం, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో సీ5, డాంగిల్ టేబుల్ మీదికి జరిపాక వచ్చిన స్పీడ్. అవి చూశాక ర్యామ్ ఇప్పుడే కొనాలా, ఎస్ఎస్‌డీతో సరిపెట్టొచ్చా చెప్తాను.